గ్రహణం పాట కోసం ఒక పాటల పెట్టె

చివరిసారి మీరు వాదనలో గెలిచినప్పుడు, ఆ గదిలో మాట్లాడకుండా మిగిలిపోయింది ఎవరో మీకు గుర్తుందా?

నాకు గుర్తు లేదు. ముప్పై ఏళ్లకు పైగా వాదించాను. బాబాలతో వాదించాను. జ్యోతిషులతో, వాస్తు చూసేవాళ్లతో, కొత్త యంత్రానికి నిమ్మకాయలు కట్టే ఇంజనీర్లతో వాదించాను. ఎవరు ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో ఇప్పటికీ చెప్పగలను. నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఆ పూట ఏమన్నదో మాత్రం చెప్పలేను.

ఆ మనిషి నా భార్య. ఉప్పల్‌లో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసింది. నేను నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. తయారైన మందు సరిగ్గా ఉందో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. మూఢనమ్మకాల మీద బస్తీల్లో సభలు పెట్టే ఒక చిన్న సంఘంలో ఇద్దరం ఉండేవాళ్లం. ఆమె పాడేది, నేను మాట్లాడేవాణ్ణి. జనాన్ని పోగుచేయడానికి పాట, వాళ్లను మార్చడానికి మాట అని నా లెక్క. ఆ లెక్కను నేను ఏనాడూ పరీక్షించలేదు. ఫ్యాక్టరీలో అయితే పరీక్షించని సరుకును గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు.

ఎనిమిదేళ్ల కింద ఆమె గొంతులో క్యాన్సర్ బయటపడింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు, తీసేశారు. ఇప్పుడు మెడ కింద ఉన్న చిన్న రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తుంది. దాని మీద పల్చటి నూలుగుడ్డ కట్టుకుంటుంది. మాట లేదు, ఈల లేదు, కూనిరాగం కూడా లేదు. మెడకు ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి డాక్టరు ఇచ్చారు. ఒక్కసారి వాడి చూసి, ఆ గరగర తనది కాదని తలూపి, డబ్బాలో పెట్టేసింది. పిల్లలు రాసుకునే నల్ల పలక ఒకటి తెచ్చుకుంది. పుల్లతో రాస్తే అక్షరాలు పచ్చగా మెరుస్తాయి, మీట నొక్కితే మాయమవుతాయి. మా ఇంట్లో ఆమె మాటలన్నీ ఆ మీట దాకానే బతుకుతాయి.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున చాయ్ తాగుతుంటే ఆ పలక నా ముందుకు జరిపింది.

"గ్రహణం పాట రాగం మర్చిపోతున్న."

ఆ పాట ఆమెదే. మాటలు ఆమెవి. రాగం వాళ్లమ్మ నాట్లేస్తూ పాడినదాన్ని తీసుకుని తనకు నచ్చినట్టు మలుచుకున్నది. గ్రహణం రోజున కడుపుతో ఉన్నవాళ్లను చీకటి గదిలో పడుకోబెట్టి, తిండీ నీళ్లూ ఇవ్వకుండా, కదిలితే పుట్టే బిడ్డకు పెదవి చీలుతుందని భయపెట్టడం ఆమె అంగన్‌వాడీలో ప్రతిసారీ చూసేది. అందుకే కట్టింది.

"నీడ పడ్డదో వదినా, నీడే పడ్డదో
నీ కడుపుల బిడ్డకేమొ ఆకలయ్యిందో"

ఒక గ్రహణం రోజున ఉప్పల్‌లో మా సంఘం సభ పెట్టింది. నేను ఒక టార్చిలైటు, రెండు బంతులు పట్టుకుని గంటసేపు నీడల గురించి చెప్పాను. మూసిన తలుపులు ఒక్కటి కూడా తెరుచుకోలేదు. తర్వాత ఆమె అన్నం పళ్లెం ఒడిలో పెట్టుకుని అంగన్‌వాడీ గడప మీద కూర్చుని ఈ పాట అందుకుంది. ఎదురింటి తలుపు తెరుచుకుని ఏడో నెల కడుపుతో ఒకామె వచ్చి పక్కన కూర్చుని, ఆ పళ్లెంలోంచే నాలుగు ముద్దలు తిన్నది. నేనా రోజు సంఘం రిపోర్టులో "ప్రసంగ ప్రభావంతో" అని రాశాను.

"మర్చిపోవడమేంది? నువ్వే కట్టిన పాట గద," అన్నాను.

చాలాసేపు రాసింది. "మాటలు రాసిపెట్టుకున్న. రాగం ఎట్ల రాసిపెట్టాలె? రోజు పాడుకుంటెనే ఉంటది. ఎనిమిదేండ్ల సంది లోపట్నే అనుకుంటున్న. ఒకటి రెండు పాదాలు వస్తున్నయి. మూడోది వేరే పాటలకు వోతున్నది."

మనకు రాగం తలలో ఉంటుందనుకుంటాం. ఆమెది గొంతులో ఉండేది. గొంతు తీసేశాక ఇన్నేళ్లు దాన్ని తలలో నిలబెట్టుకోవడానికి ఎంత కష్టపడిందో నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు.

"క్యాసెట్లున్నయి గద! తొమ్మిదున్నయి," అన్నాను. ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నేను లేచి నిలబడ్డాను, నాకు మళ్లీ ఒక ఉద్యమం దొరికినట్టు.

పాత టేపు ఎక్కువసార్లు తిప్పితే తెగిపోతుంది. ఒక్కసారి తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించుకుంటే ఆమె ఎన్నిసార్లయినా వినొచ్చు. మూడో పాదం మీద ఆపి, వెనక్కి జరుపుకుని, మళ్లీ వినొచ్చు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే పాటల డబ్బాలన్నీ గొంతుతో ఆజ్ఞాపిస్తే పలికేవి. మా ఇంట్లో ఆజ్ఞాపించగల గొంతు నాదొక్కటే. ఆమె వేళ్లతో నడిచేది కావాలి. కాబట్టి నేనే ఒకటి తయారుచేస్తానన్నాను.

మా పై అంతస్తులో ఒక కోస్తా అమ్మాయి ఉంటుంది. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. పెళ్లయి ఏడాది అయింది అప్పటికి. అడగ్గానే తన పాత కంప్యూటరు పెట్టెను రెండు చేతులతో మోసుకొచ్చి మా హాల్లో దించింది.

"అంకుల్, ఇది బాగా పాతదండీ. ఇప్పటి సిస్టమ్‌లేవీ దీన్లో నడవవు. లినక్స్ వేసుకోండి, హాయిగా పాటలు పాడుతుంది," అన్నది.

లినక్స్ అంటే ఏమిటో ఆమె చెప్పిన పద్ధతి నాకు మస్తు నచ్చింది. కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేరట, ఎవరి సొత్తూ కాదట. దాన్ని నడిపించే రాతంతా బయటే ఉంటుందట, ఎవరైనా తెరిచి చదవొచ్చు, ఇదెందుకిలా ఉందని ప్రశ్నించొచ్చు, మార్చొచ్చు. దాచిపెట్టిన మంత్రాలు లేవు, మధ్యలో పూజారి లేడు. నా జీవితమంతా మనుషులను అడిగింది ఇదే కదా అనుకున్నాను. నేనే వేస్తాను, నువ్వు ముట్టుకోవద్దు, చెప్పు చాలు అన్నాను.

వారం పట్టింది. పెన్‌డ్రైవ్‌లోకి దింపి, కంప్యూటరు తెరుచుకునేటప్పుడు ఫలానా మీట నొక్కి, పెన్‌డ్రైవ్ నుంచి లేవమని దానికి చెప్పాలి. ఆ మీట నొక్కడం నాకు ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యమయ్యేది. అది లేచాక, పాటలు వాయించే ప్రోగ్రాం ఎక్కించడానికి పాస్‌వర్డ్ అడిగింది. నేను కొడుతుంటే తెర మీద ఏమీ కనబడదు, చుక్క కూడా పడదు. కీబోర్డు చెడిపోయిందని మూడు తీగలు మార్చాను. పై నుంచి వచ్చి ఆ అమ్మాయి నవ్వింది.

"పడుతున్నాయండీ. కనపడవంతే. నమ్మి కొట్టేయండి."

"నమ్మి కొట్టుడు నాతోటి గాదమ్మా," అన్నాను.

నా భార్య వంటగది గుమ్మంలో నిలబడి, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వింది.

అంతా అయ్యాక ధ్వని రాలేదు. మా సంఘం సభల్లో వాడిన రెండు పెద్ద స్పీకర్లు, యాంప్లిఫయరు అటక మీద నుంచి దించి తగిలించాను. తెర మీద పాట నడుస్తోంది, స్పీకర్లు మూగగా ఉన్నాయి. తీగలు పీకి పెట్టాను. రెండు పూటలు నానా తంటాలు పడ్డాను. ఆ అమ్మాయి వచ్చి నల్లటి తెరలో నిలువు గీతలున్న పట్టీలు ఏవో తెరిచింది.

"చెడిపోలేదంకుల్, నోరు మూసుకుని ఉంది. కొత్తగా వేసినప్పుడు కొన్నిసార్లు ఇలా మ్యూట్‌లోనే వస్తుంది. మనమే తెరవాలి."

నా భార్య పలక ఎత్తి చూపించింది. "మంచి అలవాటు. నీకు గూడ వేయమను."

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఇంకా క్యాసెట్లు తేలేదు కదా, నవ్వగలిగాను.

క్యాసెట్లు లాలాపేటలో మా సంఘం మిత్రుడి దగ్గరున్నాయి. ఆయన రేడియో మెకానిక్. సభలన్నీ ఆయనే రికార్డు చేసేవాడు. దుకాణం మూసేసి చాలా ఏళ్లయింది. ఫ్లైఓవరు పక్క సందులో రెండు గదుల ఇల్లు, మంచం కింద అట్టపెట్టెలు. నేను పోయేసరికి బనియనుతో కూర్చుని రేడియో వింటున్నాడు.

"ఏందన్నా, గిన్నేండ్లకు యాదికొచ్చినమా?" అన్నాడు.

"క్యాసెట్లు గావాలె. పాటలయి."

ఆయన వెంటనే లేవలేదు. రేడియో కట్టేశాడు. "పాటలయా? వదిన ఎట్లున్నది?"

"ఆమె కోసమే."

మంచం కిందకు వంగి ఒక చెప్పుల డబ్బా లాగాడు. తన టేప్ రికార్డరు కూడా ఇచ్చాడు. స్పిరిట్‌లో ముంచిన దూదితో, టేపు ఆనే దాని హెడ్డు తుడిచి, ఎలా తుడవాలో నాకు చూపించాడు. గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. "అన్నా, అండ్ల ఏమున్నయో ఏమి లెవ్వో నాకు గూడ సమజ్ గాదు ఇప్పుడు. ఇని సూస్కో. నన్నేమనకు," అన్నాడు. ముసలితనం మాట్లాడుతోందనుకున్నాను. ఆటోలో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని నాచారం వచ్చాను.

తొమ్మిది క్యాసెట్లు. ప్రతిదాని మీద ఆమె గుండ్రటి చేతిరాతలో "పాటలు" అని, పక్కన అంకె. క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వాటిని విరిస్తే దాని మీద ఇంకెవరూ రికార్డు చేయలేరు. తొమ్మిదింటికీ ఆమె వాటిని విరిచింది. ఆ ఖాళీల మీద ఎవరో కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. నేను చూశాను, ఏమీ అనుకోలేదు. ఆమె బొటనవేలితో ఆ కాగితాన్ని తడిమింది. నా వైపు చూసింది. నేను తీగలు తగిలించే పనిలో ఉన్నాను.

పొద్దున పది గంటలకు మొదటిది పెట్టాను. టేప్ రికార్డరు నుంచి తీగ కంప్యూటరుకు, కంప్యూటరు నుంచి స్పీకర్లకు. ఆమె స్పీకరు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒడిలో పలక, పాట రాసుకున్న నోటుబుక్కు.

బుస్సుమని చప్పుడు. గజ్జెలు. డప్పు మీద రెండు దెబ్బలు. తర్వాత ఆమె గొంతు.

"ఇగో అమ్మలారా, జర దగ్గరికి జరుగున్రి. సిగ్గెందుకు, మన వాకిలే గద ఇది!"

ఎనిమిదేళ్ల తర్వాత ఆ గొంతు మా హాల్లో పలికింది. నేను నిలబడిపోయాను. ఆమె కదల్లేదు, పెన్సిలు పట్టుకుని పాట కోసం ఎదురుచూస్తోంది. టక్కుమని ఒక చప్పుడు.

"మిత్రులారా, ప్రత్యర్థులను నేనడిగే మొదటి ప్రశ్న ఇది," అని నా గొంతు మొదలైంది.

పది నిమిషాలైనా ఆగలేదు. ఆమె వేలితో ముందుకు జరపమని సైగ చేసింది. జరిపాను, నేనే. తిప్పి రెండో వైపు వేశాను. ఆత్మ ఉందనడానికి సాక్ష్యమేదని ఎవరినో నిలదీస్తున్నాను. రెండో క్యాసెట్‌లో నేను. మూడోదాంట్లో నేను, మధ్యలో నాకు పడ్డ చప్పట్లు. ఒక్కో క్యాసెట్ చివర్లోనైనా నేను ముందుగా ముగించి ఉంటే, మిగిలిన టేపులో పాట తోక ఏదైనా బతికి ఉండేది. నేను ఏ సభలోనూ ముందుగా ముగించలేదు. టేపు అయిపోయేదాకా మాట్లాడాను. సాయంత్రం నాలుగింటికి ఆమె పలక ఎత్తింది.

"తొమ్మిదోదాంట్ల గూడ నువ్వే."

మీట నొక్కి చెరిపేసి, మళ్లీ రాసింది. "రాగం లేదు."

నోటుబుక్కు మూసి లోపలికి పోయింది. నేను లాలాపేటకు ఫోన్ చేశాను.

"పాటల మీద సభలు రికార్డు జేసినవా? బుద్ధున్నదా నీకు?"

"అన్నా, నన్నేమనకని చెప్పిన గద. చర్చల నాడు కొత్త క్యాసెట్లు లెవ్వు. ఏం జెయ్యాలె అని నిన్నే అడిగిన. నువ్వేమన్నవో యాదుందా?"

"ఏమన్న?"

"పాటలు మళ్ల పాడుకోవచ్చు, చర్చ మళ్ల రాదు అన్నవ్. నీ చేతుల కరపత్రం చింపి ఆ బొక్కలకు నువ్వే అంటించినవ్. వదిన అప్పుడు ఆడనే ఉండె, ఒకటి రెండిటికే అనుకున్నట్టున్నది."

నేనొప్పుకోలేదు. అప్పటి పరిస్థితిని విడమరిచాను. కొత్తవి తేవడం ఎవరి బాధ్యతో చెప్పాను. ఒకసారి అన్నంత మాత్రాన తొమ్మిదీ చెరపమన్నట్టు కాదన్నాను. పది నిమిషాల తర్వాత ఆయన, "సరే అన్నా, తప్పు నాదే, ఏమన్కోకు," అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు అర్థమైంది, ఆయన్ను కూడా ఓడించానని.

రుజువు లేనిదే దేన్నీ నమ్మొద్దని ఊరూరా చెప్పినవాణ్ణి. వాదన మనుషులను మారుస్తుందనే నమ్మకాన్ని మాత్రం ఒక్క రుజువు అడగకుండా నెత్తిన పెట్టుకున్నాను. దానికి ఆమె పాటలను బలి ఇచ్చాను. కోడిని కోసేవాణ్ణి తిట్టే హక్కు నాకెక్కడిది? వాడికి తాను కోసింది కోడి అని కనీసం తెలుసు.

తర్వాత నెల రోజులు వెతికాను. ఆ రోజుల్లో ఆమె వెనక కోరస్ పాడినవాళ్లు ఇద్దరు. ఒకామె చనిపోయింది. ఇంకొకామె నారపల్లిలో కొడుకు కట్టుకున్న ఇంట్లో ఉంటుంది. ఇద్దరం బస్సెక్కి పోయాం. పూజగదిలోంచి వచ్చి నా భార్యను కౌగిలించుకుని ఏడ్చింది. పాట అడిగితే, "యాదున్నదక్కా, ఎందుకు లేదు!" అని కళ్లు మూసుకుని అందుకుంది. మాటలన్నీ సరిగ్గా ఉన్నాయి. రాగం భజనది. ఇప్పుడామె వారం వారం భజన పాడుతుందట. అన్నేళ్లుగా పాడుతున్న రాగం పాత రాగాన్ని లోపలే కప్పేసింది. నా భార్య చివరిదాకా విని, ఆమె చేయి నిమిరి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

ఇంట్లో పాత ఫోన్లన్నీ ఛార్జి పెట్టాను. వీడియోలున్నాయి. ఏ వీడియోలోనూ ఆమె లేదు, తీసింది ఆమె కాబట్టి. వాటన్నిటిలో కనిపించేది నేను, వినిపించేది నేను. ఫోన్లలో వెతికేటప్పుడే నాకు ఆ పదకొండు రోజులు గుర్తొచ్చాయి.

ఆపరేషనుకు ముందు పదకొండు రోజులు గడువుంది. గొంతు పోతుందని డాక్టరు ముందే చెప్పారు. మా బంధువులు మొక్కు మొక్కుకొమ్మని వచ్చారు. దేవుణ్ణి తిట్టిన నోటికి ఇదే శిక్ష అని ఒకాయన మా ఇంట్లోనే అన్నాడు. వాళ్లందరితో ఆ పదకొండు రోజులూ వాదించాను. క్యాన్సరు కణాల గురించి చదివి, కాగితాల మీద బొమ్మలు గీసి చూపించాను. ఒకరోజు మధ్యాహ్నం, బంధువులు పోయాక, ఆమె నా దగ్గరికి వచ్చి కూర్చుంది. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"పాడమంటవా?" అన్నది.

"గొంతుకు జర రెస్ట్ ఇయ్యరాదూ," అన్నాను.

రెస్ట్ ఇవ్వమని ఏ డాక్టరూ చెప్పలేదు. దేనికోసం రెస్ట్? ఇంకో వారంలో తీసేయబోయే దాన్ని ఎవరి కోసం దాచాలి? ఫోన్ నా జేబులోనే ఉంది. పొద్దంతా వాదించి నేనే అలసిపోయాను, అంతే. ఆమె లేచి పోయి బియ్యం ఏరుకుంది.

ఈ సంగతి పై అంతస్తు అమ్మాయికి చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి. ఆమె కళ్లు తుడుచుకుని, "అంకుల్, మొదటి క్యాసెట్‌లో మిగిలిన ఆ ఏడు సెకన్ల మాట ఉంది కదండీ. ఇప్పుడు దాన్నుంచే ఆంటీ గొంతు తయారు చేయొచ్చు. ఏ పాటైనా ఆవిడ గొంతుతో పాడిస్తుంది," అన్నది. నిజం చెబుతున్నాను, నేను ఆశపడ్డాను. చచ్చినవాళ్లతో మాట్లాడిస్తామనేవాళ్ల దగ్గరికి జనం ఎందుకు పోతారో ఆ క్షణాన తెలిసింది. నా భార్య పలక మీద ఒక్క ప్రశ్నే రాసింది.

"రాగమెవలిస్తరు?"

నిజమే. గొంతును నకలు చేయొచ్చు. ఏ మనిషికీ గుర్తులేని రాగాన్ని యంత్రం మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

ఈమధ్య ఒక గ్రహణం వచ్చింది. చంద్రగ్రహణం, సాయంత్రానికి. అప్పటికి పై అంతస్తు అమ్మాయికి ఆరో నెల. పొద్దున్నుంచే తలుపు వేసుకుందని, కిటికీలకు దుప్పట్లు కట్టిందని తెలిసింది. భర్త ఊళ్లో లేడు. మధ్యాహ్నం దాటాక నేను మెట్లెక్కాను. తలుపు జానెడు తెరిచింది.

"ఏం తిన్నవమ్మా?"

"ఏం తినలేదండీ. అత్తయ్యగారు ఫోన్ చేసి చెప్పారు. నీళ్లు కూడా వద్దన్నారు."

"తల్లీ, అది భూమి నీడ..."

"తెలుసంకుల్. సూర్యుడికి చంద్రుడికి మధ్యలో భూమి వస్తుంది. స్కూల్లో నేనే మోడల్ చేశాను. ఫస్ట్ ప్రైజు కూడా వచ్చింది."

"మరి?"

"మరేం లేదండీ. ఒక్క పూటేగా. రేపు బిడ్డకేదైనా అయితే అందరూ నా మొహమే చూస్తారు. మీ మొహం చూడరుగా."

ముప్పై ఏళ్లలో ఎవరూ నన్ను అడగని ప్రశ్న. అయినా మాట్లాడాను. పెదవి ఎందుకు చీలుతుందో చెప్పాను, ఏ నెలలో ఆ పెదవి తయారవుతుందో చెప్పాను, ఆరో నెలలో గ్రహణం దాన్ని ఏమీ చేయలేదని చెప్పాను. ప్రతి మాటకూ తల ఊపింది. తలుపు జానెడు దగ్గరే ఆగి ఉంది.

నా వెనక మెట్ల మీద చప్పుడైంది. నా భార్య పళ్లెంలో పప్పన్నం కలిపి తెచ్చింది. నన్ను పక్కకు జరిపి, గడప ముందు కింద కూర్చుంది. పళ్లెం ఒడిలో పెట్టుకుంది. అమ్మాయి ముఖంలోకి చూస్తూ పెదవులు కదిపింది.

ఆ పెదవులను నేను చదవగలను. మొదటి పాదం. రెండో పాదం. చేయి మోకాలి మీద తాళం వేస్తోంది. మెడ మీది గుడ్డ ఊపిరికి పైకీ కిందికీ ఆడుతోంది. మూడో పాదం దగ్గర చేయి ఆగింది. మళ్లీ మొదటి నుంచి అందుకుంది. మళ్లీ అక్కడే ఆగింది.

"ఆంటీ ఏమంటున్నారండీ?" అని అమ్మాయి నన్నడిగింది.

నేను చెప్పాను. పాట మాటల్ని, పాట కాకుండా, నాకొచ్చిన పద్ధతిలో చెప్పాను. నీ కడుపులో బిడ్డకు ఆకలవుతోందంటున్నది అన్నాను. నా నోట అది ఇంకో వాదనలా వినిపించింది. అమ్మాయి వంగి నా భార్య చేతిలోంచి పళ్లెం అందుకుంది.

"తర్వాత తింటానండీ," అన్నది. తలుపు మూసుకుంది. లోపల గొళ్లెం పడిన చప్పుడు విన్నాం.

మర్నాడు పొద్దున పళ్లెం కడిగి, అందులో రెండు జామకాయలు పెట్టి పంపింది. ఆ అన్నం ఎప్పుడు తిన్నదో, అసలు తిన్నదో లేదో మేము అడగలేదు.

ఆ వారంలోనే ఒకరోజు నేను కంప్యూటరు ముందు కూర్చుని, తొమ్మిది క్యాసెట్లనూ మళ్లీ మొదటి నుంచి వింటున్నాను. నా మాటల మధ్య సందుల్లో, నేను ఊపిరి తీసుకున్న చోట, కింద పాట ఏమైనా వినబడుతుందేమోనని. వినబడదు. టేపు మీద కొత్త ధ్వని ఎక్కే ముందే పాతది తుడిచిపెట్టుకుపోతుంది, అడుగున ఏమీ మిగలదు. ఆ సంగతి తెలిసే వింటున్నాను. ఆమె వచ్చి స్పీకర్లు కట్టేసింది. పలక నా చేతిలో పెట్టింది.

"ఇగ ఎతకకు. పోయింది."

ఈసారి ఆ మీట ఆమె నొక్కలేదు, నేనూ నొక్కలేదు. బ్యాటరీ అయిపోయేదాకా అది హాల్లో అలాగే ఉంది.

నాకు చేయగలిగింది ఏమీ మిగల్లేదు. మీకు మిగిలింది. చదవడం ఇక్కడ ఆపండి. మీ ఇంట్లో పని చేసుకుంటూ పాడే మనిషి ఉన్నది కదా, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పాటో, తానే కట్టుకున్నదో, మీరెప్పుడూ పూర్తిగా విననిది. ఆమె దగ్గరికి పోండి. ఫోన్‌లో రికార్డు మీట నొక్కి ఆమె ముందు పెట్టండి. మొత్తం పాడమని అడగండి. పాట అయిపోయేదాకా మీరు నోరు విప్పకండి. ఆ పాటను రెండు చోట్ల దాచండి. రేపు కాదు, సాయంత్రం కాదు. లేవండి.